అబ్బాజాన్ కళ్ళజోడు అమ్మీకి సరిపోతుందా?

చాలా ఇళ్ళలో కళ్ళజోడు ఒకటే ఉంటుంది. దాన్ని పెట్టుకునేవారు మాత్రం నలుగురైదుగురు. పేరుకు అది అబ్బాజాన్‌ది. ఆయన జొహర్ నమాజుకు బయలుదేరగానే అమ్మీ దాన్ని అందుకుని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటుంది. ఆమె పక్కన పెట్టీ పెట్టగానే ఎదురింటి ఖాలా ఒకసారి ముక్కు మీద పెట్టుకుని మందుబిళ్ళల అట్ట మీద తేదీ చదువుకుంటుంది. సాయంత్రం బడి నుంచి వచ్చిన మనవడు అవే అద్దాలు తగిలించుకుని, చేతులు వెనక్కి కట్టుకుని, తాతలా నడిచి అందరినీ నవ్విస్తాడు. "ఒరేయ్, తీయరా! కళ్ళు పోతాయి" అని వంటింట్లోంచి కేక వినిపిస్తుంది.

విజయవాడ వన్ టౌన్‌లోనైనా, మచిలీపట్నంలోనైనా, గుడివాడ, ఉయ్యూరు, అవనిగడ్డల్లోనైనా ఇది మామూలు ముచ్చటే. ఆ కేక వేసిన తల్లి కూడా మధ్యాహ్నం అవే అద్దాలు పెట్టుకుందన్న సంగతి ఎవరికీ తట్టదు. మరి ఎవరి కళ్ళు పోతాయి? పిల్లవాడివా, తల్లివా? అసలు పోతాయా?

ముందు భయం తీర్చుకుందాం. మరొకరి కళ్ళజోడు ఐదు నిమిషాలు పెట్టుకున్నంత మాత్రాన ఎవరి కళ్ళూ పోవు. నంబరు సరిపోకపోతే తల తిరుగుతుంది, నొసలు లాగినట్టు ఉంటుంది, నేల ఎత్తుగానో పల్లంగానో కనిపిస్తుంది. తీసేస్తే కాసేపట్లో అదంతా సర్దుకుంటుంది. పెద్దవారి కంటికి దానివల్ల శాశ్వతంగా జరిగే నష్టమేమీ లేదు. అసలు చూడవలసింది మరొకటి ఉంది. పరాయి అద్దాలు పెట్టుకున్నప్పుడు "అబ్బ, ఎంత తేటగా ఉంది!" అని ఎవరి నోటి నుంచైనా వచ్చిందంటే, వారికి సొంత అద్దాలు కావాలని వారి కళ్ళే చెప్పాయన్నమాట. ఆ మాట విని నవ్వి ఊరుకుంటున్నాం. నష్టం అక్కడ ఉంది.

నలభై ఏళ్ళ మాట

తెలుగులో దీనికి చత్వారం అని చక్కని పేరుంది. సంస్కృతంలో నలభైకి వాడే మాట నుంచి వచ్చింది. మరాఠీవారు చాళీశీ అంటారు, అదీ నలభయ్యే. వాళ్ళు కళ్ళజోడును కూడా ఆ పేరుతోనే పిలుస్తారు. మన ఇళ్ళలో వినిపించే 'ఐనక్'లో అరబ్బీ 'ఐన్' ఉంది, 'చష్మా'లో ఫార్సీ 'చష్మ్' ఉంది. రెండింటికీ అర్థం కన్నే.

కంటిలో ఒక కటకం ఉంటుంది. చిన్నతనంలో అది మెత్తగా ఉండి, దగ్గరి వస్తువును చూసేటప్పుడు ఉబ్బుతుంది, దూరం చూసేటప్పుడు పలచబడుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ గట్టిపడి ఉబ్బడం తగ్గిపోతుంది. పదేళ్ళ పిల్లవాడు ముఖానికి ఏడెనిమిది సెంటీమీటర్ల దూరంలో ఉన్న అక్షరాన్ని కూడా చదవగలడు. నలభై దాటేసరికి అది 20, 25 సెంటీమీటర్లకు జరుగుతుంది. అరవై నాటికి మీటరు దాకా పోతుంది. అందుకే పేపరు చదివే పెద్దమనిషి చేయి రోజురోజుకూ ముందుకు సాగుతుంటుంది. చివరికి చేయి చాలదు!

ఇది జబ్బు కాదు, తల నెరవడం లాంటిదే. ఎవరినీ వదలదు. దూరపు చూపు ఎంత బాగున్నవారికైనా వస్తుంది. ఆడవారిలో దీన్ని పట్టడానికి డాక్టరు దాకా వెళ్ళనక్కరలేదు. "బేటా, ఈ సూదిలో దారం ఎక్కించి పెట్టు" అని పిల్లల్ని పిలవడం మొదలుపెట్టారంటే వచ్చినట్టే. మన కృష్ణా డెల్టాలో మరో గుర్తు కూడా ఉంది. పసివాడికి అన్నంలో చేప కలిపి పెట్టేటప్పుడు ముళ్ళు కంటికి ఆనక వేలితో తడిమి తీస్తున్న దాదీని చూడండి. ఆమెకు అద్దాలు కావాలి. శీలావతి చేప ముల్లు ఎంత సన్నగా ఉంటుందో తెలిసినవారు ఈ మాటను తేలికగా తీసుకోరు.

చత్వారపు అద్దాల నంబరు చాలావరకు వయసును బట్టి నడుస్తుంది. నలభై దాటినవారికి ప్లస్ ఒకటి దగ్గర మొదలై, యాభై వచ్చేసరికి ఒకటిన్నర, రెండు, అరవైకి రెండున్నర దగ్గర నిలుస్తుంది. దూరపు చూపులో లోపం లేనివారి లెక్క ఇది. భార్యాభర్తల వయసులు దగ్గరగా ఉంటాయి కనుక ఆయన అద్దాలు ఆమెకు ఎంతో కొంత పనికొస్తాయి. పక్కింటివారివీ పనికొస్తాయి. ఇందులో అద్భుతమేమీ లేదు.

పెట్టి చూసి కొనడం కొత్త కాదు

బీసెంట్ రోడ్డులాంటి బజార్లలో కాలిబాట మీద అట్టకు గుచ్చి అమ్మే రెడీమేడ్ అద్దాలను ఒక్కొక్కటే పెట్టుకుని, చేతిలోని కాగితం చదివి చూసుకునేవారిని చూసి చదువుకున్నవారు కొందరు నవ్వుతారు. నవ్వనక్కరలేదు. కళ్ళజోడు పుట్టిన తర్వాత కొన్ని వందల ఏళ్ళు ప్రపంచమంతా కొన్నది ఇలాగే.

1306లో ఇటలీలోని ఫ్లారెన్సు నగరంలో ఒక క్రైస్తవ మతబోధకుడు ప్రసంగిస్తూ, కళ్ళజోడు చేసే కళ బయటపడి ఇంకా ఇరవై ఏళ్ళు కాలేదని చెప్పాడు. దాన్ని బట్టే అది 1286 ప్రాంతంలో మొదలైందని చరిత్రకారులు లెక్కగట్టారు. 1462లో మిలాను పాలకుడు ఫ్లారెన్సు నుంచి మూడు డజన్ల జోళ్ళు తెప్పించాడు. వాటిలో దూరం కనిపించేవి ఒక డజను, ముసలివారికి దగ్గర కనిపించేవి ఒక డజను, మామూలువి ఒక డజను. నాలుగేళ్ళకు అతని కొడుకు ఇంకా ఎక్కువ తెప్పించాడు, ఈసారి ఐదేసి ఏళ్ళ వయసు తేడాతో వరుసలు కట్టించి మరీ. ఎవరు ఏది పెట్టుకోవాలో చెప్పడానికి డాక్టరు లేడు. దర్బారులో పెట్టుకుని చూసినవారి కళ్ళే చెప్పాలి. అద్దం చూపును ఎలా సరిచేస్తుందో కెప్లర్ సరిగ్గా వివరించింది 1604లో. అంటే వస్తువు వచ్చిన మూడు వందల ఏళ్ళకు దాని కారణం తెలిసింది.

ఆ దారిలో మనవారి పాదముద్రలూ ఉన్నాయి. బస్రాలో 965లో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ తన 'కితాబుల్ మనాజిర్'లో చూపు కంటి నుంచి బయటికి వెళ్ళేది కాదని, వస్తువు నుంచి వచ్చే వెలుగు కంటిలోకి చేరడమని నిరూపించారు. ఆ గ్రంథం లాటిన్‌లోకి వెళ్ళి యూరపు పండితులకు దారి చూపింది. కళ్ళజోడు కనిపెట్టింది కూడా ఆయనేనని ఉత్సాహం కొద్దీ కొందరు ప్రసంగాల్లో చెబుతుంటారు. అది నిజం కాదు, ఆయన గొప్పతనానికి ఆ అదనపు అలంకారం అక్కరలేదు. తర్వాత 15వ శతాబ్దంలో హెరాత్‌లోని ఫార్సీ మహాకవి జామీ తన ముసలితనాన్ని వర్ణిస్తూ ఫిరంగి అద్దాల ప్రస్తావన చేశారు. అంటే అప్పటికే ఆ వస్తువు మధ్య ఆసియా దాకా చేరింది. మన వైపు చూస్తే, విజయనగరంలో శ్రీకృష్ణదేవరాయలు గౌరవించిన వ్యాసతీర్థులు 1520 ప్రాంతంలో కళ్ళజోడు పెట్టుకుని గ్రంథం చదివినట్టు ఆయన చరిత్ర రాసిన సోమనాథ కవి పేర్కొన్నాడు. గొప్పవారి దగ్గర మాత్రమే ఉన్న ఆ వస్తువు ఈనాడు కాలిబాట మీదికి వచ్చిందంటే సంతోషించవలసిందే.

కనుక కాలిబాట అద్దాలను మేం తిట్టబోవడం లేదు. చత్వారం ఒక్కటే ఉన్నవారికి అవి పనిచేస్తాయి. కంటికి చెరుపు కూడా చేయవు. అయితే వాటికి చేతకానివి కొన్ని ఉన్నాయి.

పరాయి అద్దం చెప్పని సంగతులు

మీ రెండు కళ్ళూ ఒకే తీరుగా ఉన్నాయని ఎలా తెలుసు? గోడ మీది క్యాలెండరు ముందు నిలబడి ఒక కన్ను అరచేత్తో మూసి చూడండి, తర్వాత రెండోది. నొక్కకుండా మూయాలి. ఒక కంటికి అక్షరాలు నల్లగా, రెండో కంటికి మసగ్గా కనిపించి ఉలిక్కిపడేవారు ఎందరో. రెండూ తెరిచి ఉన్నంతసేపూ బాగున్న కన్ను పని నడిపిస్తూ వస్తుంది కనుక ఆ లోపం ఏళ్ళ తరబడి బయటపడదు. రెడీమేడ్ అద్దాల్లో రెండు వైపులా నంబరు ఒకటే. ఇక అబ్బాజాన్ అద్దాలు ఆయన కళ్ళ కోసం చేసినవి. వాటిలో సిలిండరు నంబరు ఉంటే దానికి ఒక కోణం కూడా ఉంటుంది. ఆ కోణం మీ కంటికి సరిపడకపోతే గోడలు ఒరిగినట్టు ఉంటాయి. కనుపాపల మధ్య దూరం కూడా మనిషి మనిషికీ మారుతుంది. మీవి దగ్గరగా, ఆయనవి ఎడంగా ఉంటే మీరు అద్దం నడిమి భాగంలోంచి చూడరు. అరగంట ఖురాన్ పారాయణం కాగానే తలనొప్పి వచ్చేది అందుకే. నంబరు పెద్దదయ్యేకొద్దీ ఆ బాధ పెరుగుతుంది.

ఇవన్నీ చిన్న చిక్కులు. పెద్ద చిక్కు వేరు. నలభై దాటాక కంటిలో నిశ్శబ్దంగా వచ్చే జబ్బు నీటికాసులు. అది చూపును అంచుల నుంచి కొద్దికొద్దిగా తినుకుంటూ వస్తుంది. నడిమి చూపు చివరిదాకా బాగానే ఉంటుంది కాబట్టి అరువు అద్దాలతో పేపరు హాయిగా చదువుతూనే ఉంటారు. పోయిన చూపు మాత్రం ఏ మందుతోనూ తిరిగి రాదు. సొంత కళ్ళజోడు కోసం ఒక్కసారి పరీక్షకు వెళ్ళి ఉంటే డాక్టరు కంటి ఒత్తిడి, వెనక నరం చూసేవారు, ముందే తెలిసేది. అరువు అద్దాలు ఆ ఒక్క ప్రయాణాన్ని తప్పిస్తున్నాయి. వాటి మీద మా ఫిర్యాదు అదే.

షుగరు ఉన్నవారి సంగతి మరీ విచిత్రం. రక్తంలో చక్కెర బాగా హెచ్చుతగ్గులైతే కంటి కటకం కూడా మారుతుంది. పోయిన వారం పక్కింటివారి అద్దాల్లోంచి బాగా కనిపించింది, ఈ వారం కనిపించడం లేదంటే తప్పు అద్దాలది కాకపోవచ్చు, చక్కెర చూపించుకోవాలి. షుగరు ఉన్నవారు చూపు బాగున్నా ఏడాదికోసారి కంటి లోపలి పొరను పరీక్ష చేయించుకోవాలి. ఇన్సులిన్ సిరంజి మీది గీతలను అరువు అద్దాలతో లెక్కపెట్టేవారు ఉన్నారు. రెండు గీతలు అటూ ఇటూ అయితే ఏమవుతుందో ఆ ఇంటివారు ఆలోచించాలి.

మరో చిత్రం. డెబ్బై ఏళ్ళ నానా ఒకరోజు అద్దాలు తీసేసి పేపరు చదువుతారు. "మాషా అల్లాహ్, చూపు తిరిగి వచ్చింది" అని ఇల్లంతా మురిసిపోతుంది. ఆయన పాత అద్దాలు నానీకి దక్కుతాయి. చాలాసార్లు అది మోతియాబింద్, అంటే శుక్లం ముదురుతున్న గుర్తు. కటకం మధ్యభాగం చిక్కబడటం వల్ల దగ్గరి చూపు కొన్నాళ్ళు బాగుపడినట్టు ఉంటుంది, దూరం మసకబారుతుంది. ఆ ముచ్చట ఎక్కువ కాలం నిలవదు. ఆపరేషను చేయించుకుంటే చూపు వస్తుంది, భయపడవలసింది లేదు.

ఆడవారి వంతు ఎప్పుడు?

ఇంట్లో ఒకటే కళ్ళజోడు ఉంటే అది ఎవరి పేరు మీద ఉంటుంది? ఎక్కువగా మగవారి పేరు మీదే. "ఆమెకు చదువా, ఆఫీసా? అద్దాలతో ఆమెకేం పని?" అనే మాట మనం విన్నదే. పెడనలో కలంకారీ అద్దకాల దగ్గర, మచిలీపట్నంలో చిలకలపూడి నగలకు రాళ్ళు పొదిగే చోట, విజయవాడ సందుల్లో జాకెట్లకు మగ్గం వర్క్ చేసే గదుల్లో ఆ మాట అనగలరా? అక్కడ కంటిచూపే కూలి. నలభై రెండేళ్ళ మనిషి పూస గుచ్చడంలో వెనకబడిందంటే "వయసైపోయింది" అని పని తగ్గిస్తారు. వయసైపోలేదు, ఆమెకు ప్లస్ ఒకటి అద్దాలు లేవు, అంతే.

ఇది మేం ఊహించి రాస్తున్నది కాదు. అస్సాం తేయాకు తోటల్లో నలభై దాటిన 751 మంది మీద పరిశోధన జరిపి 2018లో ఫలితాలు ప్రకటించారు. సగం మందికి చత్వారపు అద్దాలు వెంటనే ఇచ్చారు, మిగతా సగానికి పరిశోధన ముగిశాక ఇచ్చారు. అద్దాలు ముందుగా అందినవారు కోసిన ఆకు మిగతావారి కంటే దాదాపు 22 శాతం ఎక్కువ పెరిగింది. బంగ్లాదేశ్‌లో చేతిపనులవారు, దర్జీలు మొదలైన 824 మంది మీద ఇలాంటిదే చేసి 2024లో ప్రచురించారు. ఎనిమిది నెలల్లో అద్దాలున్నవారి సంపాదన లేనివారి కంటే 33 శాతం ఎక్కువైంది. అద్దాల ఖర్చెంత, వచ్చిన లాభమెంత! దగ్గరి చూపుకు అద్దాలు దొరకక ఇబ్బంది పడేవారు ప్రపంచంలో 82 కోట్లకు పైగా ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019 నివేదికలో చెప్పింది. వారిలో మన అమ్మీలు, ఖాలాలు ఎందరో.

ఆడపిల్లల విషయంలో ఇంకో మాట రాయక తప్పదు. దూరపు చూపు తగ్గిన పిల్లకు అద్దాలు పెట్టిస్తే రిష్తాలు రావని కొందరు తల్లిదండ్రులు పరీక్షే చేయించరు. ఆ పిల్ల అన్నయ్య అద్దాలు దొంగచాటుగా పెట్టుకుని టీవీ చూస్తుంది. నిస్బత్ మాట్లాడటానికి వచ్చినవారి ముందు మసక చూపుతో చాయ్ పళ్ళెం పట్టుకుని నడుస్తుంది. నికాహ్ అయ్యాక ఎలాగూ బయటపడే విషయమే కదా, ఈ దాపరికం ఎందుకు? కళ్ళజోడు చూసి వెనక్కి వెళ్ళే సంబంధం వెళ్ళిపోవడమే మంచిదని మా అభిప్రాయం.

భర్త పోయిన ఇళ్ళలో ఆయన కళ్ళజోడును ఆమె గుర్తుగా పెట్టుకోవడం కూడా చూస్తుంటాం. ఆ మమకారాన్ని కాదనేదెవరు? కానీ ఫ్రేము ఆయనది ఉంచుకుని లోపలి అద్దాలు ఆమె నంబరుకు మార్పించుకోవచ్చు. ఫ్రేము మరీ పెళుసెక్కకపోతే దుకాణంవారు చేసిస్తారు. దానంగా వచ్చే పాత కళ్ళజోళ్ళ సంగతీ ఇలాంటిదే. విదేశాల్లో సేకరించినవాటిని పరీక్షించి 2012లో రాసిన ఒక పత్రం ప్రకారం వాటిలో వాడదగ్గవి నూటికి 7 మాత్రమే. పాత బట్టలు పంచినట్టు పాత అద్దాలు పంచలేం.

పిల్లల ఆటలో నిజం

ఇక మొదట్లో చెప్పిన మనవడి దగ్గరికి వద్దాం. తాత ప్లస్ అద్దాల్లోంచి వాడికి దూరమంతా అలికినట్టు కనిపిస్తుంది, నవ్వి తీసేస్తాడు. బడిలో స్నేహితుడి మైనస్ అద్దాలతో ఆట వేరుగా ఉంటుంది. చూపు బాగున్న పిల్లవాడికి కూడా తక్కువ నంబరు మైనస్ అద్దాల్లోంచి అన్నీ చిన్నగా, తేటగానే కనిపిస్తాయి. వాడి లేత కటకం ఆ తేడాను సర్దేసుకుంటుంది. అందుకని "నాకూ అద్దాలు కావాలి" అని ఇంటికొచ్చి మారాం చేస్తాడు. అది నమ్మి నేరుగా దుకాణానికి తీసుకెళ్ళకూడదు. డాక్టరు కంట్లో చుక్కల మందు వేసి, కటకాన్ని కాసేపు నిద్రపుచ్చి చూస్తేనే అసలు నంబరు తెలుస్తుంది.

నిజంగా చూపు తగ్గిన పిల్లవాడు మాత్రం ఆ అద్దాలు పెట్టుకున్న క్షణం ఆగిపోతాడు. వేపచెట్టు పచ్చటి ముద్ద కాదని, ఆకులు విడివిడిగా ఉన్నాయని చూస్తాడు. వెనక బెంచీ నుంచి బోర్డు మీది లెక్క చదువుతాడు. అందరికీ ఇలాగే కనిపిస్తుందా అని అడుగుతాడు. లోకం ఎప్పుడూ మసగ్గా ఉండేదేనని అంతవరకూ అనుకున్నవాడు వాడు, ఫిర్యాదు చేయడానికి వాడికేం తెలుసు? ఇలాంటి మాట పిల్లల నోట విన్న టీచరుగారు, మద్రసా ఉస్తాదు ఆ సాయంత్రమే తల్లిదండ్రులకు కబురు చేయాలి. చాలాకాలం తిట్లు తిన్న 'మొద్దు' పిల్లవాడు అద్దాలు రాగానే చదువులో లేచి నిలబడటం ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. ఏడెనిమిదేళ్ళ లోపు పిల్లల్లో ఒక కన్ను బాగా బలహీనంగా ఉండి సరిచేయకపోతే మెదడు ఆ కంటిని వాడటం మానేస్తుంది. పెద్దయ్యాక అద్దాలు పెట్టినా ఫలితం అంతంత మాత్రమే.

ఆంధ్రప్రదేశ్‌లో 2019 అక్టోబరు 10న మొదలైన కంటి వెలుగు మొదటి విడతలో బడిపిల్లలందరికీ పరీక్షలు జరిపి, అవసరమైనవారికి అద్దాలు ఇచ్చారు. అప్పుడు ఇచ్చిన అద్దాలు ఈనాటికి సరిపోవు. ఎదిగే పిల్లల నంబరు మారుతుంటుంది, ఏడాదికోసారి చూపించాలి. అన్న పాత అద్దాలు తమ్ముడికి, అక్కవి చెల్లికి ఇచ్చే పొదుపు ఇక్కడ పనికిరాదు. 'సోడాబుడ్డి' అని వెక్కిరించే పిల్లలను ఇంట్లోనే మందలించాలి. ఆ వెక్కిరింపుకు జడిసి అద్దాలు సంచిలో దాచుకుని పక్కవాడి నోటు చూసి రాసేవారు ప్రతి బడిలోనూ ఉన్నారు.

కళ్ళకలక రోజుల్లో మాత్రం ఎవరి అద్దాలూ ఎవరూ ముట్టుకోవద్దు. 2023 వానాకాలంలో అది ఎంతగా పాకిందో గుర్తుండే ఉంటుంది. చూస్తే అంటదు, చేతుల వల్ల, తువాళ్ళ వల్ల, ఇలా చేతులు మారే కళ్ళజోళ్ళ వల్ల అంటుతుంది. నల్లద్దాలు పెట్టుకున్నా అంటడం ఆగదు. సబ్బునీళ్ళతో కడిగి మెత్తని గుడ్డతో తుడిస్తే చాలు.

పరీక్షకు ఎక్కడికి వెళ్ళాలని అడిగేవారికి: ప్రభుత్వ ఆసుపత్రుల్లో కంటి విభాగాలున్నాయి. విజయవాడ శివారు తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. వెళ్ళేటప్పుడు ఇంతకాలం వాడిన అరువు కళ్ళజోడును కూడా పట్టుకెళ్ళండి. దానితో ఎంత సౌకర్యంగా ఉందో, ఎంతసేపటికి తలనొప్పి వస్తోందో చెబితే డాక్టరుకు పనికొస్తుంది.

మస్జిదుల్లో ఖురాన్ ప్రతులు పెట్టే అల్మారా పక్కన ఎవరో వదిలి వెళ్ళిన ఒక పాత కళ్ళజోడు ఉండటం చూస్తుంటాం. ఒక కాడకు దారం కట్టి ఉంటుంది. రంజాన్ నెలలో అది చేతులు మారుతూనే ఉంటుంది. కమిటీవారు పెద్ద ఖర్చు లేకుండా దాని స్థానంలో ప్లస్ ఒకటి, ఒకటిన్నర, రెండు, రెండున్నర నంబర్ల రెడీమేడ్ జోళ్ళు నాలుగు పెట్టవచ్చు. కాడ మీద నంబరు కనిపించేలా కాగితం అంటించి, పక్కన తుడుచుకునే గుడ్డ ఉంచాలి. ఏ నంబరుతో చదివారో గుర్తు పెట్టుకుని పరీక్షకు వెళ్ళండని ఒక చీటీ కూడా రాసి పెట్టవచ్చు. ఆడవారు ఖురాన్ చదువుకోవడానికి చేరే ఇళ్ళలో కూడా ఇలాంటి నాలుగు జోళ్ళ పెట్టె ఒకటి ఉంటే బాగుంటుంది. అక్కడికి అబ్బాజాన్ కళ్ళజోడు ఎలాగూ రాదు.